మా మేడ మీద పుర్రె జెండా: ఉంచమంటారా, దించమంటారా?

సిమిలిగుడ_మంచు
మాది ఒడిశాలో కోరాపుట్ జిల్లా. దసరా వెళ్లిన దగ్గర్నుంచి మా ఇంట్లో పంచాయితీ. తమ్ముడు ప్లస్ టూ చదువుతున్నాడు. నల్లగుడ్డ కొని, టైలర్ చేత అంచులు కుట్టించి, దాని మీద తెల్లరంగుతో పుర్రె, వెనక అడ్డంగా రెండు ఎముకలు, పుర్రె నెత్తిన గడ్డి టోపీ వేశాడు. తీసుకెళ్లి మేడ మీద వాటర్ ట్యాంకు పక్కనున్న ఇనప రాడ్డుకి కట్టాడు. కింద మా కిరాణా కొట్టు. "కొట్టు నెత్తిన పుర్రె ఏంట్రా, బేరాలు పోతాయి" అని నాన్న మొదలుపెట్టారు. మీటరు చూడ్డానికొచ్చిన కుర్రాడు "ఇక్కడ హై ఓల్టేజి లైను ఎప్పుడేశారు?" అని అడిగాడు. ఎదురింటి రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ గారు సాయంత్రం వచ్చి, టీ తాగి, మెట్లు దిగుతూ "ఇది ఏ పార్టీదమ్మా?" అన్నారు. అప్పట్నుంచి అమ్మకి ఒకటే టెన్షన్.

వాడినడిగితే నేపాల్ అంటాడు, జెన్ జీ అంటాడు, నీకు అర్థం కాదంటాడు. నేనేమైనా ముసలిదాన్నా? ఇంతకీ ఇది కట్టడం తప్పా? ఎవరైనా వచ్చి కేసంటే ఏం చెప్పాలి?

సాలూరు_లారీ
తీయకండి. మా లారీ వెనక నాలుక బయటపెట్టిన రాక్షసుడి బొమ్మ ఉంది, కింద నల్ల జోడు వేలాడుతుంది. ఎవడూ ఏ పార్టీ అని అడగలేదు. దిష్టి కోసం అని చెప్పెయ్యండి, మీ నాన్నగారు కూడా ఒప్పుకుంటారు.

బరంపురం_బుల్లోడు
పుర్రెకి టోపీ ఎందుకు? మీ ఊళ్లో ఎండ కూడా ఉండదు కదా.

జయపురం_కొట్టు
దించేయండమ్మా. నవ్వులాట కాదు. ఈ చుట్టుపక్కల జిల్లాల్లో జెండా అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకి తెలీదు. 2004 ఫిబ్రవరి 6 రాత్రి కోరాపుట్‌లో ఆయుధాగారం మీద మావోయిస్టుల దాడి జరిగినప్పుడు నేను అక్కడే మా బావగారింట్లో ఉన్నాను. తెల్లారేదాకా మంచం కింద పడుకున్నాం. 2011లో మల్కనగిరి కలెక్టర్ వినీల్ కృష్ణ గారిని ఎత్తుకెళ్లారు, మరుసటేడు లక్ష్మీపూర్ ఎమ్మెల్యేని. వాళ్ల వారోత్సవాలని జూలై ఆఖరి వారం, డిసెంబర్ మొదటి వారం వచ్చిందంటే రాత్రి బస్సులు బంద్. చెట్లు నరికి రోడ్డుకి అడ్డంగా పడేసేవారు. విజయనగరం నుంచి వచ్చే సరుకు సుంకి కిందే ఆగిపోయేది. అలాంటి చోట నల్లజెండా కట్టి "కార్టూనండీ" అంటే ఎవడు నమ్ముతాడు?

రాయగడ_గడ్డిటోపీ
కార్టూన్ అనకండి సార్, యానిమే. ఇది 'వన్ పీస్' జెండా. జపాన్‌లో 1997 నుంచి వస్తున్న బొమ్మల కథ, 1999 నుంచి టీవీలో కూడా. ఇంకా అవ్వలేదు. ఒక కుర్రాడు చిన్న ఓడలో బయల్దేరతాడు. ప్రపంచాన్నంతా ఏలే ప్రభుత్వం ఒకటి ఉంటుంది, దాని నెత్తిన తరతరాల దొరలు కొందరు. మామూలు మనుషులని బానిసలుగా కొంటారు. ఈ కుర్రాడు దీవి దీవికీ వెళ్లి అక్కడి రాజునో దొరనో కొట్టి, కడుపునిండా తిని, వెళ్లిపోతాడు. కుర్చీలో కూర్చోడు. పిల్లలకి నచ్చింది అదే.

జెండా సంగతికొస్తే, 2025లో ఆగస్టు 17 స్వాతంత్ర్య దినానికి ముందు ఇండోనేషియాలో లారీ డ్రైవర్లు కట్టారు (సాలూరు అన్నా, మీవాళ్లే). తర్వాత సెప్టెంబర్‌లో నేపాల్‌లో ప్రభుత్వం మీద తిరగబడ్డ కుర్రాళ్లు, జెన్ జీ అంటారే, వాళ్లు. ఆ తర్వాత మడగాస్కర్‌లో పుర్రెకి గడ్డి టోపీ తీసేసి వాళ్ల ఊరి టోపీ పెట్టారు. అక్కడ గొడవ మొదలైంది దేనికనుకున్నారు? కరెంటు కోతలు, నీళ్లు రాకపోవడం. అక్టోబర్ 14న అధ్యక్షుడి పదవి పోయింది.

సాలూరు_లారీ
కరెంటు కోతకే ప్రభుత్వం పడిపోతే మా వీధిలో ఇప్పటికి నలభైసార్లు పడాలి.

దమన్‌జోడి_వదిన
గడ్డిటోపీ బాబూ, ఆఖర్న ఎక్కింది ఎవరో కూడా చెప్పు. మడగాస్కర్‌లో పదవి పోయాక వచ్చింది సైన్యం. పిల్లలు జెండా మోశారు, కుర్చీ కల్నల్‌కి దక్కింది.

మా ఇంట్లోనూ ఇద్దరున్నారు. అన్నం తింటూ ఫోన్, ఫోన్ చూస్తూ అన్నం. ఏడుస్తుంటే ఎవరో పోయారనుకుని పరిగెత్తాను. చూస్తే కథలో ఓడ తగలబడిందట. ఓడ! మనిషి కూడా కాదు.

రాయగడ_గడ్డిటోపీ
వదినా, ఆ ఓడ దగ్గర నేనూ ఏడ్చాను. దాని గురించి ఏమీ అనొద్దు.

గుణుపురం_మాస్టారు
చట్టం సంగతి ముందు. సొంతింటి మీద మన ఇష్టమొచ్చిన జెండా కట్టుకోవడం దానంతటది నేరం కాదు. జాతీయ జెండాతో ఒకే కర్రకి కట్టకూడదు, దానికన్నా ఎత్తులో గానీ సమానంగా గానీ పక్కన ఉండకూడదు. నిషేధించిన సంస్థల గుర్తులైతే వేరే మాట. ఇది అది కాదు.

కానీ నా బాధ వేరు. తిరగబడ్డవాడి గుర్తు కావాలంటే జపాన్ దాకా వెళ్లాలా? బొయిపరిగుడ దగ్గర తెంతులిగుమ్మలో పుట్టిన లక్ష్మణ్ నాయక్ మన జిల్లావాడు. 1942 ఆగస్టు 21న మథిలి పోలీస్ స్టేషన్‌కి జనాన్ని తీసుకుని ఊరేగింపుగా వెళ్లాడు. కాల్పులు జరిగాయి. ఒక ఫారెస్టు గార్డు చనిపోతే ఆ హత్య ఆయన మీద పెట్టి, 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరితీశారు. ఘాట్ దిగితే అల్లూరి సీతారామరాజు: 1922 ఆగస్టు 22 చింతపల్లి, 23 కృష్ణదేవిపేట, 24 రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. బడిలో అడిగితే ఈ తేదీలు ఒక్కడూ చెప్పడు. ఓడ పేరు మాత్రం చెబుతారు.

రాయగడ_గడ్డిటోపీ
మాస్టారూ, మీరు చెప్పినట్టు మాకు బడిలో చెప్పలేదు. లక్ష్మణ్ నాయక్ అంటే మార్చి 29న దండ వేసే విగ్రహం, రెండు మార్కుల ప్రశ్న. నా క్లాసులో ఆయన కులపు పిల్లాడు ఉండేవాడు. హాస్టల్‌లో పప్పు నీళ్లలా ఉందని అడిగితే టీసీ ఇస్తామన్నారు. అప్పుడు ఏ దండ పనికొచ్చింది?

జయపురం_కొట్టు
పప్పుకీ పుర్రెకీ ఏం సంబంధం?

గుణుపురం_మాస్టారు
సంబంధం ఉంది. ఆ పిల్లాడి మాట నాకు తగిలింది. సరే, చెప్పనివ్వండి.

బరంపురం_బుల్లోడు
మాస్టారూ, జపాన్ వాళ్లు మన రామాయణాన్నే యానిమేగా తీశారు, 1993లో. 2025 జనవరిలో తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లలోకి వచ్చింది. మా తాతగారు పిల్లల సినిమా అని సణుగుతూ వచ్చి, కుంభకర్ణుడు లేచే దగ్గర చెప్పులు విప్పి కాళ్లు పైకి పెట్టుకుని చూశారు.

సిమిలిగుడ_మంచు
మీ చర్చంతా వాడికి చదివి వినిపించాను. జెండా ఎందుకు కట్టావో నేపాల్ పేరు ఎత్తకుండా చెప్పరా అన్నాను. అప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది.

ఆ కథలో ఒక మంచుకొండల రాజ్యం ఉందట. అక్కడి రాజు డాక్టర్లందర్నీ తరిమేసి ఒక ఇరవై మందిని కోటలో తన దగ్గరే పెట్టుకుంటాడు. ఊళ్లో ఎవరికి జబ్బు చేసినా వెళ్లి రాజు కాళ్లు పట్టుకోవాలి. అక్కడ వైద్యం సరిగ్గా రాని ఒక పిచ్చి డాక్టరు ఉంటాడు. ఆయన మందులతో జనం ఇంకా జబ్బు పడతారు. కానీ ఆయన పుర్రె జెండా ఎగరేస్తాడు. లోకంలో ఉన్న ఏ జబ్బుకీ తలొంచనని దానర్థం. ఆయన పోయాక కూడా ఆ జెండా కొండ మీద కోటపై ఎగురుతుంది.

ఇది చెప్పి వాడు "అక్కా, తాతని కిందకి తీసుకెళ్లిన రాత్రి గుర్తుందా" అన్నాడు. నేను ఇంకేమీ అడగలేదు. ఇక్కడా దాని గురించి రాయను.

నైట్_డ్యూటీ_సిస్టర్
చెల్లీ, నువ్వు రాయకపోయినా నేను రాస్తాను, నా ఉద్యోగమే అది. పేర్లు చెప్పను.

కొండ మీద ఊళ్ల గురించి ఫోటోల్లో ఉండేది దేవమాలి, మబ్బులు, కాఫీ తోటలు. 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తు శిఖరం, రీల్స్ చేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేను చూసేది రాత్రి రెండింటికి వచ్చే గుండెనొప్పి. డాక్టర్లు మునుపటి కన్నా పెరిగారు, కాదనను. అయినా తలకి దెబ్బ, గుండె అంటే చివరికి కాగితం మీద రాసేది వైజాగ్. ఇక్కడి నుంచి పొట్టంగి, సుంకి ఘాట్, సాలూరు, విజయనగరం దాటి వెళ్లాలి. చలికాలం పొట్టంగి దాటాక మంచు ఎలా ఉంటుందంటే, ఒకసారి మా డ్రైవర్ హెడ్‌లైట్లు ఆర్పేశాడు. లైటు వేస్తే ఎదురుగా తెల్లగోడ తప్ప ఏమీ కనపడదు. కిటికీలోంచి తల బయటపెట్టి రోడ్డు అంచున తెల్లగీత చూసుకుంటూ నడిపాడు. పక్కన హెల్పర్ టార్చి పట్టుకుని నడిచాడు, కొంత దూరం అంబులెన్స్ కన్నా ముందే ఉన్నాడు. వెనక నేను ఆక్సిజన్ సిలిండర్ ముల్లు చూస్తున్నాను. పేషెంటు భార్య నా ముఖం చూస్తోంది, ముల్లు చూడ్డం ఆవిడకి రాదు కాబట్టి.

ఆ పేషెంటు బతికాడు. అందరూ బతకరు. ఆ కుర్రాడు జెండా కట్టాడంటే నాకు అర్థమైంది. దించాలో వద్దో నాకు తెలీదు.

సాలూరు_లారీ
ఆ ఘాట్‌లో మేం అంబులెన్స్ చూస్తే మలుపులోనే లోడు పక్కకి తీసి ఆపుతాం సిస్టర్. అందరూ ఆపరు. ఆపనివాళ్లని తర్వాత ఢాబా దగ్గర మేమే అడుగుతాం.

దమన్‌జోడి_వదిన
సిస్టర్ రాసింది చదివాక నేను ఓడ గురించి అన్నది వెనక్కి తీసుకోను గానీ, పిల్లలని తిట్టడం ఈ పూటకి ఆపాను.

సునాబెడ_క్వార్టర్స్
నేపాల్ గురించి అందరూ ఫోన్‌లో చూసి మాట్లాడుతున్నారు. మా క్వార్టర్స్‌లో రాత్రి విజిల్ ఊదుతూ తిరిగే గూర్ఖా ఆయన ఉన్నాడు. నెలనెలా డబ్బులకి వస్తే ఈసారి కూర్చోబెట్టి అడిగాను. ఆయనది పడమర వైపు అఛామ్ జిల్లా. పెళ్లాం పిల్లలు అక్కడే.

సెప్టెంబర్ 4న నేపాల్ ప్రభుత్వం 26 యాప్‌లు ఆపమంది కదా, అందులో వాట్సాప్, మెసెంజర్, ఇమో అన్నీ ఉన్నాయి. ఆయన రోజూ పొద్దున డ్యూటీ దిగాక కూతురితో మాట్లాడతాడు. అది ఆగిపోయింది. మామూలు కాల్ చేస్తే నిమిషానికి ఎంత కోస్తుందో తెలుసు కదా, ముప్పై రూపాయల రీచార్జి గుటుక్కున పోయిందన్నాడు. 8న కాల్పుల్లో 19 మంది పోయారని మా ఇంటి టీవీలోనే చూశాడు. మర్నాడు ప్రధాని ఓలీ రాజీనామా చేస్తే ఇక్కడ మా కుర్రాళ్లు మా గూర్ఖా భుజం తట్టి "దాజు (అన్నా), గెలిచారు" అన్నారట. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

నాతో మాత్రం వేరేలా మాట్లాడాడు. మంత్రుల పిల్లలు బ్రాండ్ బ్యాగులతో ఫోటోలు పెడుతుంటే మా పిల్లలు గల్ఫ్‌కి, ఇండియాకి పోవాలా, ఆ కోపం నిజమే అన్నాడు. కానీ సచివాలయం సింహ దర్బార్ తగలబెట్టారు, పార్లమెంటు, సుప్రీంకోర్టు తగలబెట్టారు. ఆయనకి అన్నదమ్ములతో పొలం తగాదా ఉంది. ఊళ్లో కోర్టు ఫైళ్లకి ఏమైనా అయ్యిందేమోనని ఆయన దిగులు. "పిల్లలది తప్పు కాదు సాబ్, నా కాగితం మాత్రం ఎవడిస్తాడు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు, ఇంకో టీ పోశాను.

పుర్రె జెండా గురించి అడిగితే ఆయనకి అసలు తెలీదు.

జయపురం_కొట్టు
చూశారా. నేను చెప్పేది ఇదే. తగలబెట్టిన మర్నాడు కావాల్సింది కాగితమే.

రాయగడ_గడ్డిటోపీ
తగలబెట్టినవాళ్లూ, మొదటి రోజు యూనిఫాంలో వచ్చిన పిల్లలూ ఒకరే అని ఎవరన్నారు? ఉద్యమం పిలిచినవాళ్లే రెండోరోజు జరిగిన దానికి మేం కాదన్నారు. పైగా వాళ్లు ఊరుకోలేదు. డిస్కార్డ్‌లో లక్ష మందికి పైగా కూడి మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీ పేరు తేల్చారు. 12న ఆవిడ ప్రమాణం చేశారు. ఆ దేశానికి మొదటి మహిళా ప్రధాని. 2026 మార్చి 5న ఎన్నికలని ప్రకటించారు.

బరంపురం_బుల్లోడు
డిస్కార్డ్ అంటే గేమ్ ఆడేటప్పుడు ఒకళ్లనొకళ్లు తిట్టుకునే చోటు కదా. అక్కడ ప్రధానమంత్రిని ఎన్నుకున్నారా? మా గ్రూపులో ఆదివారం బిర్యానీ ఎక్కడ తినాలో కూడా తేలదు.

గుణుపురం_మాస్టారు
హాస్యం బాగుంది గానీ ప్రశ్న అసలైనదే. లక్ష మంది కూడారంటే ఎవరా లక్ష? ఫోనూ, నెట్టూ, తీరికా ఉన్నవాళ్లు. సునాబెడ గారి గూర్ఖా అందులో లేడు. అఛామ్‌లో ఆయన భార్య లేదు. నియమగిరి కొండల్లో బాక్సైట్ గని తవ్వాలా వద్దా అని 2013లో సుప్రీంకోర్టు చెబితే గ్రామసభలు పెట్టారు, రాయగడ వైపు 7, కలహండి వైపు 5. అక్కడి డోంగ్రియా గిరిజనులు ఒక్కొక్కరూ లేచి జడ్జి ముందు తమ భాషలో చెప్పారు. పన్నెండుకి పన్నెండూ గని వద్దన్నాయి. నెట్ లేదు, నిప్పు లేదు. రాయగడవాడివి కదా నువ్వు, దాని మీద ఒక జెండా కట్టు.

రాయగడ_గడ్డిటోపీ
ఆ గ్రామసభలప్పుడు నేను చిన్నపిల్లాణ్ణి మాస్టారూ, మా మామయ్య జీపు నడిపాడు. అధికారుల్ని తీసుకెళ్లిన జీపుల్లో ఆయనదీ ఒకటి. అది నిజంగా గొప్ప విషయం, ఒప్పుకుంటాను. కానీ అదే రాయగడలో 2000 డిసెంబర్ 16న మైకంచ్‌లో ముగ్గుర్ని కాల్చేశారు. అది కూడా గని గురించే. నిప్పు లేదని మీరన్నారు. మొదటి నిప్పు ఎవరు పెట్టారో కూడా చూడాలి.

నారాయణపట్నం_పాతిల్లు
నేనింతవరకు చదువుతూనే ఉన్నాను. "దొరల్ని కొట్టి వెళ్లిపోతాడు" అని ఎవరో రాశారు పైన. 2009లో మా ఊళ్లో దొరలు అంటే మేమే. కోమట్లం, మూడు తరాలుగా ఉన్నాం. చాసి ములియా ఆదివాసీ సంఘంవాళ్లు ముందు సారా దుకాణాలు పగలగొట్టారు, దాన్ని మా నాన్న కూడా మెచ్చుకున్నాడు. తర్వాత పొలాల్లో ఎర్రజెండాలు పాతారు. మేం రాత్రికి రాత్రి ట్రాక్టర్‌లో పార్వతీపురం వచ్చేశాం. నవంబర్‌లో స్టేషన్ ముందు కాల్పుల్లో ఇద్దరు గిరిజనులు చనిపోయారు, వాళ్లని చూస్తే నాకు సంతోషం కలగలేదు. కానీ మా ఇంటి తలుపు మీద ఇప్పటికీ మా తాళమే ఉంది. జెండా చూస్తే నాకు ముందు గుర్తొచ్చేది ట్రాక్టర్.

మాండియా_పేజ్
మీ బాధ కాదనను. కానీ పొలాలు మీ తాతల దగ్గరికి ఎలా వచ్చాయో కూడా చెప్పుకోవాలి. 1956లోనే రెగ్యులేషన్ 2 వచ్చింది, గిరిజనుల భూమి అధికారుల అనుమతి లేకుండా ఇతరులు కొనకూడదని. అయినా చేతులు మారాయి. అప్పులో, సారాలో, వేలిముద్రల్లో. మా అమ్మ తరఫువాళ్లది కూడా పోయింది. మా అమ్మ పరజ తెగ, నాన్న తెలుగు. ఈ గొడవ నాకు ఇంట్లోనే ఉంది.

నారాయణపట్నం_పాతిల్లు
మాది రాజుగారి కాలపు పట్టా.

మాండియా_పేజ్
రాజుగారికి ఎవరిచ్చారు?

జయపురం_కొట్టు
అందరం ఈ నీళ్లే తాగుతున్నాం. ఇలా తవ్వుకుంటూ పోతే ఎవడూ మిగలడు.

మాండియా_పేజ్
తవ్వకపోయినా కొందరు మిగల్లేదు అన్నాయ్. 2025 సెప్టెంబర్ 24న లద్దాఖ్‌లోని లేహ్‌లో నిరసనలప్పుడు నలుగురు చనిపోయారు. వాళ్లడిగేది రాష్ట్ర హోదా, గిరిజన ప్రాంతాలకి రక్షణనిచ్చే రాజ్యాంగం ఆరో షెడ్యూలు. భూమి బయటివాళ్ల పాలవుతుందని వాళ్ల భయం. మన కోరాపుట్ జిల్లా మొత్తం ఐదో షెడ్యూల్లో ఉంది, ఉండి కూడా ఇదీ పరిస్థితి. కాగితం మీద రక్షణ ఉన్న కొండ మనది, అది కూడా లేని కొండ వాళ్లది. పిల్లలు నేపాల్ వైపు చూస్తున్నారంటే దగ్గర్లో వినేవాడు లేకే.

వేదిక_నిర్వాహకుడు
ఇక్కడిదాకా బాగానే ఉంది. ఎవరి కులాన్నీ, ఏ ఊరివాళ్లనీ కలిపి తిట్టొద్దు. రెండు పోస్టులు తీసేశాను, ఎవరివో వాళ్లకి తెలుసు. కొటియా 21 ఊళ్లు ఆంధ్రావా ఒడిశావా అన్నది ఈ చర్చ కాదు, దానికి వేరే చర్చ నడుస్తోంది, 1968లోనే కోర్టుకి కూడా ఎక్కింది.

సాలూరు_లారీ
కొటియాలో రెండు రేషన్ కార్డులు, రెండు ఓటు కార్డులు. మాకు ఒక్కదానికే వేలిముద్ర పడదు.

జయపురం_కొట్టు
ఒక మాట చెప్పి ఊరుకుంటాను. 2025 అక్టోబర్‌లో గడ్చిరోలిలో మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ అంతటివాడు 60 మందితో వచ్చి తుపాకీ అప్పగించాడు. నలభై ఏళ్లు అడవిలో ఉన్న మనిషి. 2018లో గురుప్రియ వంతెన తెరిచాక చిత్రకొండ అవతల ఊళ్లకి మా సరుకు ఆటోలో వెళ్తోంది, అంతకుముందు లాంచీలో వెళ్లేది. ఇప్పుడిప్పుడే సద్దుమణుగుతోంది. అందుకే పుర్రె అంటే నాకు గుబులు. కుర్రాడి మీద కోపం కాదు.

సునాబెడ_క్వార్టర్స్
ఇది న్యాయమైన మాట. పైన వినీల్ కృష్ణ గారి గురించి రాశారు కదా, ఆయన్ని వదిలెయ్యాలని ఊరేగింపులు తీసింది గిరిజనులే. జనానికి పనికొచ్చినవాడు ఎవడో జనానికి తెలుస్తుంది.

సిమిలిగుడ_మంచు
అప్‌డేట్. తుఫాను వల్ల కరెంటు లేదు, బ్యాంకులో పనిచేసే వదిన పవర్ బ్యాంకుతో రాస్తున్నాను. మొంథా వస్తోందని దక్షిణ జిల్లాలు ఎనిమిదింటికీ హెచ్చరిక ఇచ్చారు కదా, గాలికి రాడ్డు ఊగుతోందని నాన్నే అర్ధరాత్రి మేడ ఎక్కారు. ట్యాంకు మూత ఎగిరిపోకుండా బండరాయి పెట్టడానికి వెళ్లానంటారు. దిగేటప్పుడు చేతిలో జెండా ఉంది. తడిసి ముద్దయిన దాన్ని బకెట్లో పడేశారు. పొద్దున అమ్మ చూసుకోకుండా అదే బకెట్లో నాన్న తెల్ల పంచెలు నానబెట్టింది. తమ్ముడు చవకగా కొన్న నల్లగుడ్డ, రంగంతా దిగింది. ఇప్పుడు నాన్నకి ఉన్న పంచెలన్నీ బూడిదరంగు. ఈ వానల్లో మా ఊళ్లో బట్టలు ఆరవని తెలుసు కదా. వంటింట్లో తీగ కట్టి పొయ్యి మీదుగా ఆరేశాం, పుర్రె ఒకవైపు, పంచెలు ఒకవైపు, మధ్యలో నా యూనిఫాం. అన్నిటికీ పోపు వాసన.

నాన్న ఒక్క మాట కూడా అనలేదు. తమ్ముడు భయపడుతున్నది దానికే.

బరంపురం_బుల్లోడు
మీ నాన్నగారు ఇప్పుడు బూడిద పంచెతో కొట్లో కూర్చుంటే ఏ పార్టీ అని అడగరా?

దమన్‌జోడి_వదిన
పంచెలకి నిమ్మరసం, ఉప్పు పట్టించి ఎండలో వెయ్యమ్మా. ఎండ వచ్చినప్పుడు.

సాలూరు_లారీ
ఎండ వచ్చినప్పుడట. సంక్రాంతికి వేసుకోవచ్చు అయితే.

రాయగడ_గడ్డిటోపీ
మంచు అక్కా, తమ్ముడికి చెప్పు, అక్రిలిక్ రంగు, రంగు దిగని గుడ్డ వాడాలి. చవక నల్లగుడ్డ ఇలాగే దిగుతుంది.

గుణుపురం_మాస్టారు
ఇంకొకటి కుట్టమని సలహా ఇస్తున్నావన్నమాట.

నైట్_డ్యూటీ_సిస్టర్
ఇంతకీ ఆ డాక్టరు కథ తెలుగులో దొరుకుతుందా? నా డ్యూటీ మధ్యలో అరగంట ఖాళీ దొరికితే చూస్తాను. చిన్నప్పుడు షించాన్ తెలుగులో చూసిన అలవాటు, కింద అక్షరాలు చదువుతూ చూడ్డం నా వల్ల కాదు.

రాయగడ_గడ్డిటోపీ
డబ్బింగా, సబ్‌టైటిలా అన్న గొడవ మొదలుపెడితే నేపాల్ చిన్నబోతుంది సిస్టర్. 2025 సెప్టెంబర్ 12న ఇంకో పెద్ద యానిమే సినిమా తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లలోకి వచ్చింది, అలాంటివి ఇప్పుడు వస్తున్నాయి. దీనికి మాత్రం తెలుగు ఉందో లేదో వెతుక్కోవాలి. మీరడిగిన మంచుకొండ కథ 78వ ఎపిసోడ్ నుంచి 91 దాకా. ముందువి చూడకపోయినా అర్థమవుతుంది. పక్కన ఎవరూ లేనప్పుడు చూడండి.

నైట్_డ్యూటీ_సిస్టర్
నా డ్యూటీలో పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు.

జయపురం_కొట్టు
రోగులని చూడమ్మా తల్లీ. 78 నుంచి 91 అంటే పద్నాలుగు, అరగంట చొప్పున ఏడు గంటలు. లెక్క నేను వేశాను, చూస్తానని కాదు.

రాయగడ_గడ్డిటోపీ
పాటలు దాటేస్తే అయిదున్నర సార్.